ఓటు కోసం లేచిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఆర్విడ్ స్టెన్స్‌రుడ్‌ని అడిగితే, ఆ రెండూ ఎవడైనా చేస్తాడు, కట్టిన ఇంటిని గోడ బీట తియ్యకుండా, అద్దం చిట్లకుండా లేపి, నాలుగు మైళ్ళు లాక్కుపోయి ఇంకో పునాది మీద కూచోబెట్టి చూడు, అప్పుడు మాట్లాడదాం అనేవాడు. నలభై ఏళ్ళుగా అతను చేసిన పని అదే. నదికి ఇవతల మా లోయలో అతను కదపని రకం కట్టడం లేదు. చర్చిని గంటతో సహా కదిపాడు. బ్యాంకుని కదిపాడు. బడిని కదిపాడు. ఒకసారి కోళ్ళు లోపలుండగానే కోళ్ళషెడ్డుని కదిపితే, అవి ఆ పూట కూడా మామూలుగా గుడ్లు పెట్టాయని చెప్పుకుంటారు. అందులో నిజమెంతో ఆ కోళ్ళకే తెలియాలి.

అతని పనికో ఆచారం ఉంది. ఇల్లు లేచే రోజున ఇల్లాలు అలమరాలో ఒక్క గిన్నె కూడా తియ్యకూడదు. వంటింటి బల్ల మీద అంచుదాకా కాఫీ పోసిన కప్పు పెట్టి బయటికి రావాలి. ఇల్లు కొత్తచోట దిగాక అందరూ వెళ్ళి ముందు ఆ కప్పు చూస్తారు. తొణక్కపోతే ఆ చల్లారిన కాఫీ ఇల్లాలే తాగాలి, అప్పటిగ్గానీ పని అయినట్టు కాదు. తొణికిన సందర్భాలు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే ఆర్విడ్ ఆ మనిషితో వారం రోజులు మాట్లాడేవాడు కాదు.

మనుషులతో మాట తక్కువ. ఇళ్ళతో మాత్రం తెగ మాట్లాడేవాడు. జాకీలు తిప్పేటప్పుడు గోడకి చెయ్యి ఆనించి, "లే తల్లీ, మెల్లిగా, తొందరేం లేదు" అని బుజ్జగించేవాడు. అతని భార్య మేవిస్ ఆ మాటలు వినీ వినీ, అందులో పదోవంతు నాతో మాట్లాడినా మా ఇంట్లో రోజూ పండగే అనేది. అని, అతనికి ఇష్టమైన బంగాళాదుంప రొట్టెలు వెన్న రాసి డబ్బాలో పెట్టి ఇచ్చేది.

ఇంతకీ మన కథ అతని చెల్లెలు సోల్వేతో ముడిపడింది. తండ్రి చిన్నప్పుడే పోతే, ఆ పిల్లని పెంచింది ఆర్విడే. మంచులో భుజాన వేసుకుని బడికి మోశాడు. ఆమె చదువుకుంది, పంతులమ్మ అయింది, జిల్లా బోర్డులో గెలిచింది, చివరికి వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకి మెంబరైంది. పదహారేళ్ళుగా ఆ సీటు ఆమెదే. వారమంతా అక్కడ, శనివారానికల్లా ఇక్కడ. కొండ వాలులో వాళ్ళ అమ్మ వదిలిపోయిన తెల్ల చెక్క ఇంట్లో ఒక్కతే ఉండేది. రోడ్డుకి అవతల అన్నగారి పొలమూ ఇల్లూ. ఆదివారం చర్చి అయ్యాక భోజనం అన్నావదినల దగ్గరే.

అంత ప్రేమగల అన్న, సభకి నిలబడ్డ చెల్లెలికి ఒక్కసారి కూడా ఓటెయ్యలేదు. ఇది మా ఊళ్ళో దాపరికమేం కాదు. ఆమె ఇంకా జిల్లా బోర్డులో ఉండగానే పెద్ద రోడ్డు మలుపు సరిచెయ్యడానికి నిధులు తెచ్చింది. ఆ మలుపులో ఏటా కార్లు బోల్తాకొట్టి మనుషులు పోతున్నారు, ఆమె తెచ్చింది మంచికే. కానీ కొత్తదారిలో ఇళ్ళున్నాయి. ఒక్క వేసవి గడువిస్తే అన్నీ కదిపిస్తానని ఆర్విడ్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. కాంట్రాక్టరు ఆగలేదు. ఆలోపు ఆర్విడ్ మూడు ఇళ్ళు కదిపి తప్పించాడు, మిగతావాటి మీద బుల్‌డోజర్లు ఎక్కాయి. అతను రోడ్డు పక్కన టోపీ తీసి నిలబడి అన్నీ చూసి, సాయంత్రం చెల్లెలింటికి వచ్చి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. నీతో కలిసి తింటాను, నీ వాకిట్లో మంచు తీస్తాను, జ్వరమొస్తే పక్కన కూచుంటాను, ఓటు మాత్రం జన్మలో వెయ్యను అన్నాడు. వెయ్యకు, నీ ఓటు లేకుండానే నెగ్గుతానంది ఆమె. ఎవరు ఆమెకి ఎదురు నిలబడితే అతను వాళ్ళకి వేసేవాడు. ఆ తర్వాత కూడా ఆదివారం భోజనం ఏ వారమూ తప్పలేదు.

జనాభా లెక్కలు పూర్తయిన మరుసటి ఏడాది మా నెత్తిన పిడుగు పడింది. రాష్ట్రానికి ఒక సీటు తగ్గింది. దాంతో రాజధానిలో కూచుని నియోజకవర్గాల హద్దులన్నీ కొత్తగా గీశారు. సోల్వే సీటూ, సరస్సుల వైపు కొత్త కాలనీల సీటూ కలిపి ఒకటి చేశారు. ఆ కాలనీల మెంబరు క్లేటన్ వార్డ్‌వెల్ కూడా సోల్వే పార్టీయే, నున్నగా దువ్వుకుని నవ్వే మనిషి. అంటే ఇద్దరు మెంబర్లు, ఒకటే కుర్చీ. పార్టీ తరఫున ఎవరుండాలో ఆగస్టులో ఓటర్లే తేల్చాలి.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. పేపర్లో పటం వచ్చిన రోజున చర్చి కింది హాల్లో కాఫీ తాగుతూ అందరూ దాని మీదికి వంగారు. హద్దు గీత బుద్ధిగా నది వెంబడే వచ్చి, మా కొండ దగ్గరికి రాగానే నదిని వదిలేసి, రోడ్డు దాకా ఎక్కి, సోల్వే ఇల్లున్న సందుని కొరుక్కుని మళ్ళీ నదిలోకి దిగిపోయింది. రొట్టె అంచుని ఎలుక కొరికినట్టే ఉంది. ఆ కొరికిన ముక్కలో సోల్వే ఇల్లు, మరో ఏడెనిమిది ఇళ్ళు, కొన్ని ఆవులు. అవన్నీ ఎక్కడో ఉన్న మహానగరం సీటులో కలిసిపోయాయి. ఆమె పోటీ చేసేది రోడ్డుకి ఇటుపక్క, ఆమె ఇల్లు అటుపక్క. ఎవరి పనో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. మావాళ్ళకి కోపమొస్తే కాఫీలో చెంచా కాస్త గట్టిగా తిప్పుతారు, అంతే.

సోల్వే మాత్రం నవ్వేసింది. చట్టప్రకారం మెంబరు ఈ రాష్ట్రంలో ఎక్కడున్నా చాలు, నియోజకవర్గంలోనే ఉండక్కర్లేదని అందరికీ చెప్పింది. విన్నవాళ్ళంతా తలూపారు, ఒక్కరూ నమ్మలేదు. మా ఊళ్ళో మూడు తరాలుగా పాతుకుపోయిన నమ్మకమది, ఎక్కడి పొయ్యి వెలిగిస్తారో అక్కడి మనిషే వాళ్ళు. చట్టం మాటెలా ఉన్నా వార్డ్‌వెల్‌కి ఈ నమ్మకం సంగతి బాగా తెలుసు. నెల తిరక్కుండానే ప్రతి పొలం గట్టునా అట్టలు లేచాయి. వాటి మీద ఒకటే మాట: తన ఓటు తనకే వేసుకోలేని మనిషికి మీ ఓటెందుకు?

ఆ అట్ట మొదటిసారి చూసిన రోజున ఆర్విడ్ ట్రక్కు ఆపి, దిగి, దాని ముందు చాలాసేపు నిలబడ్డాడట. పీకెయ్యలేదు. ఇంకొకళ్ళ గట్టు మీదిది పీకడం తప్పు. ఇంటికొచ్చి అన్నం తినకుండా గరాజులోకి పోయి ఉక్కు దూలాలు లెక్క చూసుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి అతను పని మానేసి రెండేళ్ళయింది. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, డాక్టరు బరువెత్తొద్దన్నాడు. మేవిస్ గరాజు గుమ్మంలో నిలబడి, ఎవరిల్లు అని అడిగింది. మా అమ్మ ఇల్లు, అన్నాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర విషయం బయటపెట్టాడు.

"గీత కదిలింది కదా. ఇల్లు కూడా కదులుతుంది. మా గడ్డి పొలంలో పునాది వేస్తున్నా."

సోల్వే ఫోర్కు కింద పెట్టింది. "అన్నయ్యా, చట్టంలో అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"చట్టం నీకు తెలుసు. నాకు జనం తెలుసు. నీ ఓటే నీకు లేకపోతే వాళ్ళెందుకేస్తారు?"

"ఓటు గురించి నువ్వా నాకు చెప్పేది?"

"అందుకే చెబుతున్నా. నేనెలాగూ వెయ్యను. కనీసం నువ్వైనా వేసుకోవాలి కదమ్మా."

మేవిస్‌కి నవ్వాగక నీళ్ళు పొలమారాయి. సోల్వే కూడా నవ్వింది గానీ ఒప్పుకోలేదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం ఆర్విడ్‌కి చేతకాదు. ఒకసారి చెప్పి ఊరుకున్నాడు. ఊరుకుని పునాదికి కాంక్రీటు పోయించాడు.

ఆమె మనసు మారింది జులై నాలుగున, స్వాతంత్ర్య దినం నాడు. ఆ రోజు మా ఊళ్ళో జరిగే ఊరేగింపులో ఆమె ఏటా ముందు వరసలో నడుస్తుంది. ఆ ఏడాది కాలనీల వైపు ఊరేగింపుకి కూడా వెళ్ళింది, వాళ్ళూ ఇప్పుడు తన ఓటర్లే కదా. అక్కడ మడతకుర్చీలో కూచున్న ఒక పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని, చాలా మర్యాదగా, మీరు మా నియోజకవర్గం కాదటగా అమ్మా, పాపం ఇంతదూరం ఎందుకొచ్చారు అంది. తిట్టినా బాధుండేది కాదు. ఆమె ఇంటికొచ్చి అన్నగారి గుమ్మంలో నిలబడి, సరే కదుపు, అంది. ఆర్విడ్ ఎందుకని అడగలేదు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆమెకి ఆ సీటంటే పదవి కాదు. పింఛను ఆగిపోయిన ముసలివాళ్ళు, వీసా రాక ఏడుస్తున్న కోడళ్ళు, యుద్ధం నుంచి వచ్చి మందులందని కుర్రాళ్ళు, అందరూ ఆమె వంటింటి తలుపే కొట్టేవారు. శనివారం ఆ ఇంట్లో కాఫీ కుండ దిగేది కాదు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఆమె సంసారమంతా అదే. ఆ సీటు పోతే ఆమె ఏమైపోతుందోనని ఆర్విడ్‌కి బెంగ. నోటితో అనలేని బెంగని అతను చేతులతో తీర్చుకుంటాడు.

పాత పనివాళ్ళు పిలవకుండానే వచ్చారు. పునాది గోడకి బొక్కలు కొట్టారు, ఇంటి కిందుగా ఉక్కు దూలాలు దూర్చారు, మూలమూలకీ దుంగలు అడ్డంగా నిలువుగా పేర్చి జాకీలు నిలబెట్టారు. ఆర్విడ్ ఈల వేస్తే అందరూ ఒకేసారి ఒక్కో తిప్పు తిప్పాలి. ఒకడు ఎక్కువ తిప్పినా ఇల్లు ఒళ్ళు విరుచుకుంటుంది. కరెంటు తీగలు ఎత్తడానికి మనుషులొచ్చారు. ఊరంతా మడతకుర్చీలూ, పళ్ళు పెట్టి కాల్చిన పై రొట్టెలూ, జున్ను ముక్కలూ పట్టుకుని వచ్చేసింది. ఇంత వినోదం మళ్ళీ దొరకదని తెలుసు.

సోల్వే బల్ల మీద కాఫీ నింపింది. ఆచారం ప్రకారం బయటికి రావాలి. ఆమె రాలేదు. నా ఇల్లు, నా ప్రయాణం, వరండాలో కూచుంటానంది. ఆర్విడ్ గొణిగాడు గానీ ఊరుకున్నాడు. గోడకి చెయ్యి ఆనించి, "లే అమ్మా, చెల్లికోసం లే" అన్నాడు. ఇల్లు చిన్నగా మూలిగి లేచింది. గంటసేపటికి మనిషెత్తు లేచి దుంగల మీద నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంక చక్రాల బండ్లు కిందికి తోయడమే, రోడ్డు దాటించడమే.

అప్పుడొచ్చింది తోరా ఎంగెన్. ఎనభై దాటిన మనిషి, సోల్వే పక్కింటావిడ, ఆ సందులోనే పుట్టి ఆ సందులోనే పెళ్ళాడింది. ఆర్విడ్‌నీ సోల్వేనీ ఎత్తుకు తిప్పింది. చేతికర్రతో మెల్లిగా వచ్చి, గాలిలో ఉన్న ఇంటిని తలెత్తి చూసి, ఆర్విడ్ వైపు తిరిగింది.

"ఒరేయ్ ఆర్విడ్, మా ఇంటి వంతెప్పుడురా?"

అందరూ ఘొల్లుమని నవ్వారు. ఆర్విడ్ కూడా నవ్వి, నీ ఇల్లు ఒక చేత్తో ఎత్తుతాలే పెద్దమ్మా అన్నాడు. తోరా మాత్రం నవ్వలేదు. వరండాలో పైనున్న సోల్వేని చూస్తూ నిలబడింది.

"నవ్వకండర్రా, నిజంగానే అడుగుతున్నా. ఈ పిల్ల రోడ్డు దాటితే దాని ఓటు దానికొస్తుంది. మంచిదే. మరి మాకో? మా ఆయన పింఛను ఆగితే దీని తలుపు కొట్టాను. రేపు నాకేదైనా ఆగితే ఆ మహానగరంలో ఎవడి తలుపు కొట్టను? వాడికి మా సందు పేరైనా తెలుసా?"

తోరా అంతటితో ఊరుకుని, మేవిస్ ఇచ్చిన కుర్చీలో కూచుని, పై రొట్టె ముక్క తినడం మొదలుపెట్టింది. అనదలచుకున్నది అనేసింది, ఆమెకి మనసులో ఏమీ లేదు. ఆర్విడ్ బండ్లు తొయ్యమని చెయ్యి ఊపబోయాడు.

"అన్నయ్యా, ఆగు." సోల్వే వరండా అంచుకొచ్చింది. "దింపెయ్."

"ఏంటి?"

"ఇల్లు దింపెయ్. ఎక్కడ లేచిందో అక్కడే."

ఆర్విడ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. చెల్లెలి కోసం నిచ్చెన వేసి, ఆమె దిగి వచ్చాక, ఊరంతా వింటూండగానే గొడవపడ్డాడు. ఎన్నికలకి నెల కూడా లేదు, ఈ వారం దాటితే చిరునామా మార్చడం కూడా కుదరదు, ముసలావిడ ఏదో అందని సీటు పోగొట్టుకుంటావా, పిచ్చా నీకు అని అడిగాడు. నలభై ఏళ్ళలో లేపిన ఇల్లు లేపినచోటే దింపలేదు, ఊళ్ళో తలెత్తుకోవద్దా అన్నాడు. ఆమె అంతా విన్నది.

"ఆ గీత ఎవరి కోసం గీశారన్నయ్యా? నా కోసం. ఈ ఎనిమిదిళ్ళవాళ్ళు చేసిన పాపమేంటి? నా పక్కన ఉండటం. నా మూలంగా వీళ్ళు బయటపడ్డారు. ఇప్పుడు నేను మాత్రం ఇల్లెత్తుకుని లోపలికి పారిపోయి, వీళ్ళని ఇక్కడ వదిలెయ్యనా?"

"నువ్విక్కడే ఉన్నా వాళ్ళ ఓటు నీకు రాదు కదే."

"రాదు. పక్కింటి మనిషినైతే అవుతాను కదా. నెగ్గితే తలుపు ఇక్కడే ఉంటుంది. వాళ్ళు కొడతారు."

ఆర్విడ్ వెళ్ళి దూలం మీద కూచున్నాడు. పనివాళ్ళు అతని మొహం చూడటం మానేసి చెట్ల వైపు చూడసాగారు. మేవిస్ వెళ్ళి పక్కన కూచుంది. మొదలుపెట్టిన పనంటూ ఆగితే నీకు నిద్రపట్టదని తెలుసు, కానీ ఈ పిల్లని పెంచింది నువ్వే, ఇలా పెంచావు, ఇప్పుడెవర్నని ఏం లాభం అంది. అతను లేచి, ముక్కు చీది, ఈల వేశాడు.

ఇల్లు లేపడం కన్నా దింపడం కష్టం. ఒక్కో తిప్పు వదులుతూ, ఒక్కో దుంగ తీస్తూ దింపాలి. ఆ సాయంత్రందాకా ఆర్విడ్ గోడకి చెయ్యి ఆనించి ఉన్నాడు గానీ ఇంటితో ఒక్క మాట మాట్లాడలేదు. బుల్‌డోజర్ల కింద పోయిన ఆ ఇళ్ళే కళ్ళలో మెదిలాయి. ఇన్నేళ్ళూ చెల్లెలికి ఇళ్ళంటే లెక్కలేదని కక్ష పెట్టుకున్నాడు. ఇదిగో, ఇప్పుడు ఎనిమిదిళ్ళ కోసం తన సీటునే ఒడ్డింది. ఇంత వయసొచ్చి చెల్లెలి ముందు చిన్నబోయినట్టనిపించింది, అదే సమయంలో చెప్పలేనంత గర్వమూ వేసింది. ఇల్లు పాత పునాది మీద దిగింది. లోపల కప్పు తొణకలేదు. సోల్వే ఆ చల్లని కాఫీ నిలబడే తాగేసింది.

తర్వాత ఆమె చేసిన ప్రచారమంతా ఒకటే మాట. వార్డ్‌వెల్ అట్ట నిజమే చెబుతోంది, నా ఓటు నాకు లేకుండా చేశారు, అందుకే మీది అడగటానికి వచ్చాను అనేది. మా లోయలో ఆ మాట విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కాలనీలవాళ్ళు మర్యాదగా కాగితం అందుకుని తలుపేసుకున్నారు. అక్కడ జనం ఎక్కువ, ఇక్కడ తక్కువ. లెక్క రానివాళ్ళకి కూడా తెలిసిపోయే విషయమిది.

ఆగస్టు ఎన్నిక రోజున ఆర్విడ్ ఉదయాన్నే గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని టౌన్‌హాలుకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళినవాడు ఎంతసేపటికీ బయటికి రాలేదు. బయట ట్రక్కులో కూచున్న మేవిస్‌కి, ఏమయ్యా నిద్రపోయావా అని వెళ్ళి అడగాలనిపించిందట. వచ్చాక మొహంలో ఏమీ లేదు. ఎవరికేశావని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

సోల్వే ఓడిపోయింది. మా లోయ ఆమెనే పట్టుకుని వేలాడింది, కాలనీలు వార్డ్‌వెల్ వెంట పోయాయి. తేడా బాగానే ఉంది. ఆమె పార్టీ ఆఫీసులో నిలబడి వార్డ్‌వెల్‌కి ఫోన్ చేసి అభినందనలు చెప్పింది, పనిచేసినవాళ్ళందర్నీ పేరుపేరునా కౌగిలించుకుంది, ఇంటికొచ్చి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆర్విడ్ రోడ్డు దాటి వెళ్ళాడు. చెల్లెలు వంటింట్లో రాత్రి గౌనులోనే కూచుని ఉంది. కాఫీ అతనే పెట్టాడు. ఎదురెదురుగా కూచున్నారు. కిటికీలోంచి తోరా బట్టలు ఆరేస్తూ కనిపిస్తోంది. అన్నకి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కప్పు అటూ ఇటూ తిప్పి, చివరికి అనేశాడు.

"నిన్న నీకే వేశాను."

సోల్వే తలెత్తింది. ఏడుస్తుందనుకున్నాడు, నవ్వింది.

"ఎనిమిదిసార్లు నా ప్రత్యర్థికి వేశావు. ఎనిమిదిసార్లూ నెగ్గాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాకు వేశావు. ఎవరు వెయ్యమన్నారయ్యా మహానుభావా నిన్ను?"

ఆమె నవ్వుతూనే ఉంది. నవ్వీ నవ్వీ బల్ల మీద తల వాల్చింది. భుజాలు కదులుతుంటే అది నవ్వు కాదని అతనికి కొంచెం ఆలస్యంగా తెలిసింది. మంచులో మోసిన పిల్ల అది. పెద్ద చెయ్యి తీసి ఆ నెరిసిన జుట్టు మీద పెట్టాడు.

"నాది కాదే పిచ్చిపిల్లా. నీ ఓటు నీకు లేకుండా చేశారుగా, అది నేను వేసొచ్చాను. నాది ఇంకా నా దగ్గరే ఉంది."